లింగాల బస్సాయన

మొన్న ఆదివారం బిజినపల్లి దాటాక ఒక బర్రెల మంద నా సైకిలును ఓవర్‌టేక్ చేసింది. అబద్ధమనుకుంటారేమో, అందులో రెండు నిండు చూలువి. అన్నింటికన్నా వెనక కుంటుతూ వచ్చిన ముసలి బర్రె నా పక్కకు చేరాక జాలిగా ఒక చూపు చూసి, తోకతో మోకాలు తట్టి మరీ ముందుకు పోయింది. సిగ్గుపడాల్సిన ఆ సమయంలో నాకు ఆయన గుర్తొచ్చాడు. ఆయనే పక్కన ఉంటే కాలు కింద పెట్టి, మందకు దారిచ్చి, కాసే మనిషిని ఆపి, ఏది ఎన్ని లీటర్లిస్తుందో, కుంటిదానికి కాలు ఎట్లా పోయిందో పూర్తిగా విచారించాక గానీ మళ్లీ పెడల్ తొక్కేవాడు కాదు.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు, లేవలేదు. "ముందు హారన్ కొట్టకుండ ఆయన చేసిన పని గిదొక్కటే" అని డిపో వాళ్లు కళ్లు తుడుచుకుంటూ అన్నారు.

నాగర్‌కర్నూల్‌లో మా ఎరువుల దుకాణానికి ఎదురిల్లు ఆయనది. ఎర్రబస్సు డ్రైవరు. లింగాల, కొల్లాపూర్, శ్రీశైలం, గద్వాల... ఆ రోడ్లమీద ఇప్పుడున్న గుంతల్లో సగం ఆయన చక్రాల చలవేనని నా అంచనా. రిటైరైన వారానికి అటక మీది పాత సైకిలు దింపి, కడిగి, ఎండబెట్టి, మా దుకాణం ముందు స్టాండ్ వేసి నిలబెట్టాడు.

"తమ్మీ, నీకు పొట్ట పెరిగింది, నాకు పని తగ్గింది. ఆదివారం ఆదివారం అట్ల పోయొద్దాం పా."

"యాడికన్నా?"

"సూడనీకె."

"ఏం సూడనీకె?"

"ఏందన్న గానీ. గింత సర్వీసుల నేనేం జూసిన? రోడ్డు జూసిన. పక్కకు జూస్తె ఎనకున్నోళ్లందరు సత్తరు గద! పక్కలకేమున్నదో ఇప్పుడన్న సూడాలె."

మొదటి ఆదివారం బయల్దేరే ముందు వదిన నన్ను గుమ్మం పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది: "ఎనక ఉండకు తమ్మీ. ఆయనకు కుడిపక్క ఉండు." ఎరువుల దుకాణం యజమానిని కాబట్టి నాకు వెనక స్థానం తగదని ఆమె భావించిందనుకుని చాలా సంతోషించాను.

ఆయన సైకిలెక్కడం ఒక కార్యక్రమం. ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ. రెండు టైర్లకూ రెండు తన్నులు. లేని అద్దాన్ని తువ్వాలతో ఒకసారి తుడిచినట్టు చేయి ఊగేది. హ్యాండిల్‌ను కళ్లకద్దుకుని, సీటెక్కి, ఒక పెడల్ మీద కాలుపెట్టి అట్లాగే ఉండిపోయేవాడు. నేను ముందుకు పోయి చూస్తే ఆయన అక్కడే ఉండేవాడు. ఏమైందన్నా అంటే, "నువ్వు రైట్ అనలె గద" అనేవాడు. ఆ రోజు నుంచి ఆ సైకిలుకు నేను కండక్టరును. నేను "రైట్, రైట్" అంటే కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. నోట్లో కిళ్లీ ఉన్న ఒక ఉదయం నేను మాట్లాడలేకపోయినందుకు మా యాత్ర కిళ్లీ అయిపోయేదాకా వాయిదా పడింది.

ప్రతి స్టేజీలో ఆగాలి. ఎక్కేవాళ్లు లేకపోయినా, దిగేవాళ్లు లేకపోయినా, స్టేజీ ఉన్నాక ఆగాలి. చెట్టుకింద కూర్చున్న ముసలమ్మలు ఆయన్ని చూడగానే లేచి నిలబడి మూటలు చంకనెత్తుకునేవారు. సైకిలని గుర్తొచ్చాక తిట్టేవారు. "బస్సు తెస్తవనుకుంటె గీ బొక్కల బండి తెచ్చినవేంది నాయనా!" ఆయనకు ఆ తిట్లు అంటే ప్రాణం. మలుపు తిరిగేటప్పుడు చేయి చాపి సిగ్నలిచ్చేవాడు, కనుచూపు మేరలో ఒక్క కోతి తప్ప ఇంకెవరూ లేకపోయినా. కోతి కూడా ఆగేది.

గద్వాల దూరం కాబట్టి సైకిళ్లను బస్సు టాపు మీద వేసుకుని వెళ్లాం. దారంతా ఆయన ముందు సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ప్రతి మలుపుకూ కుడికాలు నేలను గుద్దేది. దిగేటప్పుడు ఆ డ్రైవరు చేతులు జోడించి, "పెద్దాయనా, బస్సు నేను నడిపిన్నా, నువ్వు నడిపినవా?" అని అడిగాడు. "ఇద్దరం" అన్నాడు ఈయన.

కోట ముందు మనుషులు ఫొటోలు దిగుతారు. ఈయన దర్వాజా కింద అడుగులు వేసి వెడల్పు కొలిచాడు. "ఏనుగు లోపలికి వచ్చింది, సరె. మళ్ల బయటకు రివర్స్ తీస్కున్నరా, లోపల తిప్పుకున్నరా?" అని అక్కడున్న ప్రతివాళ్లనూ అడిగాడు. కాలేజీ పిల్లలు నవ్వారు. శనగలమ్మే ఆమె మాత్రం పొట్లం కట్టడం ఆపి ఆలోచనలో పడింది. మేం తిరిగి వెళ్లేటప్పుడు కూడా ఆమె దర్వాజా వంకే చూస్తోంది, వెనకాల బేరం పోతున్నా.

ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కేసరికి నా ఊపిరి కింద మండలాఫీసు దగ్గరే ఉండిపోయింది. ఆయన మాత్రం పైన ఒక బురుజు మీద కూర్చుని, కింద తాడంత సన్నగా కనిపిస్తున్న రోడ్డును చూస్తూ ఉన్నాడు. ఆ రోడ్డు మీద ఆయన ఎన్నో ఏళ్లు బస్సు నడిపాడు. అప్పుడే ఒక బస్సు అగ్గిపెట్టెలా పాకుతూ పోయింది.

"పైకెంచి జూస్తె గింతే ఉంటిమా మనం?" అన్నాడు. "గంత చిన్నదాన్ల కూసోని ఎంత లొల్లి జేసిన తమ్మీ, చిల్లర కోసం, సీటు కోసం" అని నవ్వాడు. దిగేటప్పుడు కూడా ప్రశ్నలే. పైకి బియ్యం మోసిన వాళ్లకు దారిలో చాయ్ దొరికేదా? ఫిరంగిని ఎక్కించినవాళ్లు దాన్ని మళ్లీ ఎందుకు దించలేదు? ఎక్కించినవాళ్లే రిటైరయ్యారా?

మన్ననూర్‌లో అడవి చెక్‌పోస్టు దగ్గర గార్డు మా సైకిళ్లను అనుమానంగా చూశాడు.

"ఇగ ముందుకు సైకిళ్లు పోవద్దు పెద్దాయనా. పులి తిరుగుతుంది."

"దాన్నే సూడనీకె వచ్చిన సారూ. ఒకపారి ఘాట్ల రోడ్డు దాటుతుంటే తోక జూసిన. ముందుభాగం అప్పటికే చెట్లల్లకు వోయింది. మిగతాది సూడాలె."

"మిగతాది ఎదురైతె మల్ల చెప్పనీకె నువ్వుండవు. పులి సంగతెందుకు, ఇగో, దుప్పిని సూడు. నీ ఎడమ పక్కనే."

చెక్‌పోస్టు దగ్గర మనుషులకు అలవాటు పడ్డ చుక్కల దుప్పి అది. ఆయన మోచేతి దగ్గర నిలబడి, సంచిలోని రొట్టెల వాసన చూస్తోంది. ఆయన సూటిగా రోడ్డు వంక చూస్తూ, "యాడ?" అన్నాడు.

"మోచెయ్యి కాడ!" అన్నాడు గార్డు.

"యాడ సారూ?"

గార్డు నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. ఆయన నిదానంగా సైకిలుతో సహా, బస్టాండులో బస్సు తిరిగినట్టు, మొత్తం ఒళ్లు తిప్పాడు. అప్పుడు కనపడింది దుప్పి. "ఓహో, నువ్వా!" అని రొట్టె తుంచి పెట్టాడు, అదేదో తమాషా చేసినట్టు.

తర్వాత ఒక ఇప్పచెట్టు కింద కూర్చున్నప్పుడు నేను అడగకముందే చెప్పాడు. "నీటికాసులన్నడు డాక్టరు. అంచులకెంచి మూసుకొస్తదట. నడిమిది ఆఖరుకు పోతదట. రిటైరుకు ముందు పరీక్షల పట్టి బస్సు దించిన్రు. కొన్ని నెలలు డిపోల కూసోని గోడ జూసిన."

"మందు లేదా అన్నా?"

"చుక్కలున్నయి. ఏస్కుంటె నిదానమైతదట గానీ, పోయింది మాత్రం తిరిగి రాదట." రొట్టె ముక్క నోట్లో వేసుకుని నవ్వాడు. "సర్వీసంతా నడిమిదే జూసిన తమ్మీ. ఇగ పక్కలు జూద్దామని సైకిలెక్కితె, పక్కలే ముందు పోవట్టె."

వదిన నన్ను కుడిపక్కన ఎందుకు ఉండమన్నదో అప్పుడు తెలిసింది. నా హోదా కోసం కాదు. లారీల కోసం.

అక్కడే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. లింగాల దారిలో ఒక గుడి చూడాలి. కళ్లు ఇంకా మూసుకోకముందే చూడాలి.

ఆ గుడి సంగతి నాకూ కొంత తెలుసు, ఎందుకంటే లింగాల బస్సెక్కిన ప్రతివాడూ ఆ గుడి భక్తుడే. తెల్కపల్లి దాటాక, కుడివైపు చేన్లకు అవతల, ఒక బండగుట్ట వాలులో చిన్న తెల్లటి గుడి. పైన ఎర్ర జెండా. ఈయన డ్రైవరుగా చేరిన కొత్తల్లో అక్కడి దిగుడు రోడ్డులో బ్రేకు పట్టలేదు. బస్సు రోడ్డు దిగి, కంది చేన్లో కొంతదూరం పోయి, దానంతటదే ఆగింది. ఒక్కరికి గీత పడలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా ఆ తెల్లటి గుడి.

ఆ రోజు నుంచి అక్కడికి రాగానే చిన్న హారన్, బస్సు స్లో, కిటికీలోంచి కుడిచేయి బయటకు పెట్టి గుడివైపు చాపి, గుండెకద్దుకోవడం. డ్రైవరే మొక్కాడంటే అక్కడ ఏదో ఉన్నట్టే కదా! కండక్టరు మొక్కాడు. ముందు సీట్ల వాళ్లు మొక్కారు. కొన్నాళ్లకు బస్సంతా మొక్కింది. నిద్రపోతున్న వాళ్లను లేపి మరీ మొక్కించేవారు. ఆ దేవుడి దయవల్ల పదో తరగతి పాసైన పిల్లలతో ఒక కొత్త జిల్లా ఏర్పాటు చేయవచ్చు. ఏ దేవుడన్నది మాత్రం తేలలేదు. జెండా ఎర్రది కాబట్టి ఆంజనేయుడని ముందు సీట్లు, చేను గట్టున ఉంది కాబట్టి మైసమ్మ అని వెనక సీట్లు. బస్సు అక్కడ ఆగదు కాబట్టి పోయి చూసినవాళ్లు ఎవరూ లేరు.

"నా బస్సు కింద ఒక్క పానం వోలె తమ్మీ, గింత సర్వీసుల. ఎవరు కాపాడిన్రో మొఖం జూడొద్దా?" అన్నాడు. "కొబ్బరికాయ కొట్టి, కండ్ల సంగతి గూడ అడుగుత. తిరిగియ్యమని కాదు, ఉన్నకాడికి ఉంచుమని."

తర్వాతి ఆదివారం బయల్దేరాం. దారిలో నేను ఆంజనేయుడన్నాను, ఆయన మైసమ్మ అన్నాడు. చెరుకురసం పందెం కాశాం. దిగుడు దగ్గర రోడ్డు పక్కన సైకిళ్లకు తాళాలు వేసి, గట్లవెంట నడిచాం. సగం దూరంలోనే ఆయన చెప్పులు విడిచేశాడు. పల్లేరుకాయల మధ్య, చేతిలో కొబ్బరికాయతో, ముందు నేలను, తర్వాత గుడిని, మళ్లీ నేలను మార్చి మార్చి చూసుకుంటూ నడిచాడు. నేనూ చెప్పులు విప్పి, మూడో పల్లేరుకాయకు నా భక్తిని సవరించుకుని మళ్లీ తొడుక్కున్నాను.

దగ్గరికి వెళ్లేకొద్దీ గుడికి గోపురం రావాలి. రాలేదు. గంట రావాలి. రాలేదు. గోడకు నల్లటి రబ్బరు పైపు చుట్ట వేలాడుతోంది. తలుపు మీద పుర్రె, రెండు ఎముకలు, కింద 'డేంజర్'. ఆయన గడప దగ్గర నిలబడి, ఒళ్లంతా తిప్పి లోపలికి చూశాడు. పల్లికాయ సంచుల మధ్య, గోడకు, సరిగ్గా మూలవిరాట్టు ఉండాల్సిన ఎత్తులో, ఒక ఇనుప పెట్టె. దానికి ఒక ఎర్ర బటను, ఒక పచ్చ బటను. పైన జెండా అనుకున్నది అడవిపందులు రాకుండా కర్రకు కట్టిన పాత చీర ముక్క.

అది బోరు మోటరు అర్ర.

ఆయన కొబ్బరికాయ పీచు గోటితో గిల్లుతూ నిలబడ్డాడు. నాకు నవ్వు గొంతుదాకా వచ్చి, ఆయన ముఖం చూసి అక్కడే ఆగిపోయింది.

అర్ర వెనక నుంచి గడ్డపార పట్టుకుని ఒక ముసలి సాయబు వచ్చాడు. నెత్తిన టోపీ, లుంగీ మోకాళ్లదాకా, కాళ్లకు బురద.

"ఎవరయ్యా? కరెంటోళ్లా? మోటరు కాలిపోయి ఎన్నొద్దులాయె! ఇప్పుడు దొరికిందా తోవ?" అని వచ్చి, ఈయన చేతిలోది చూసి ఆగాడు. "కొబ్బరికాయ తెచ్చిన లైన్‌మెన్‌ను జిందగీల జూడలె."

"నేను కరెంటు కాదు భాయ్. బస్సు" అన్నాడు ఆయన. "లింగాల బస్సు నడ్పేటోన్ని."

సాయబు గడ్డపార కింద పెట్టాడు.

"పొద్దుగాల బస్సా?"

"ఆఁ."

"హారన్ గొట్టి, చెయ్యి బయటబెట్టి సలాం జెప్పేటోనివి... నువ్వేనా?"

ఆయన నా వంక చూశాడు. నేను పైపు చుట్ట వంక చూశాను.

"అరె అల్లా!" సాయబు వచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. "దినాం నేను జవాబు జెప్పేటోన్ని అన్నా! చేతుల ఏమున్నా కిందబెట్టి సలాం జెప్పిన. నువ్వు రాలేదంటె ఆ దినం సమ్మె అనుకునేటోన్ని. ఇంట్ల నవ్వెటోళ్లు, నీకు బస్సోళ్లు సలాం గొడ్తరా అని. మల్ల ఉన్నట్టుండి ఆగిపాయె. కొత్తాయన మొఖం గూడ తిప్పడు. పోయినవేమో అనుకున్న. పేరు తెల్వకపాయె, ఎవర్నడగాలె? జుమ్మానాడు నమాజుల దువా జేసిన, లింగాల బస్సాయనను సల్లగ సూడుమని."

సాయబు అడగాల్సినది అప్పుడే అడిగాడు: "గానీ గంత దూరంకెంచి నన్నెట్ల గుర్తువట్టేటోనివన్నా? మా మరదలే గుర్తువట్టది."

ఒక్క అబద్ధం చాలు, ఆ ముసలాయన మిగిలిన బతుకంతా ఇంట్లో తలెత్తుకుని తిరుగుతాడు. చెప్పు అన్నా అని నేను మనసులో కోటి దండాలు పెట్టాను. ఆయన చెప్పలేదు.

"నేను నిన్ను జూడలె భాయ్. గీ అర్రను జూసి గుడనుకున్న. ఒక్కదినం గూడ నువ్వు నాకు కనవడలె."

సాయబు అర్రను చూశాడు. పుర్రె బొమ్మను చూశాడు. చీర ముక్కను చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని పల్లికాయ సంచి మీద కూలబడ్డాడు. నవ్వుకు టోపీ ఊడి పడింది.

"అంటె గిన్నేండ్లు... నా స్టార్టరుకు మొక్కినవా?"

"బస్సంతా మొక్కింది" అన్నాడు ఆయన. అప్పుడు ఆయనకూ వచ్చింది నవ్వు.

కళ్లు తుడుచుకుని సాయబు అడిగాడు: "మరి నేను సలాం జెప్పింది ఎవరికి?"

"నాకే."

"అయితె నాది సరిగ్గనే ముట్టింది. తోవ తప్పింది నీదే." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఏం మొక్కుకొని తెచ్చినవ్ కాయ?"

"కండ్ల కోసం భాయ్. పక్కలు కనవడ్తలేవు."

సాయబు నవ్వు అణిగింది. దగ్గరికొచ్చి ఆయన కళ్లలోకి, ఒకదాని తర్వాత ఒకటి, చూశాడు. "దవాఖానల చుక్కలిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు."

"మరవకుంట ఏస్కో. గీ స్టార్టరు మీద పెట్టుకోకు. ఇది నీళ్లే సక్కగ ఇయ్యది." కాయ అందుకుని బండకేసి కొట్టి, ఒక చిప్ప ఆయన చేతిలో, ఒకటి నా చేతిలో పెట్టాడు. మాకు పల్లికాయలు వేయించి, బెల్లం పెట్టి, కరెంటోళ్లను మనసారా తిట్టి, ఎండ తగ్గాక గానీ పోనివ్వలేదు.

గట్లవెంట తిరిగి వచ్చేటప్పుడు ఒక మాట అడిగాడు సాయబు, వెనక నుంచి అరిచి: "అన్నా, పొయ్యేటప్పుడే సలాం జెప్పెటోనివి, వచ్చేటప్పుడు లేకపాయె, ఎందుకు?"

"వచ్చేటప్పుడు నువ్వు ఎడమదిక్కుంటవ్ భాయ్! నా సీటు కుడిదిక్కు! లోపల్నే చెప్పిన!" అని ఈయనా అరిచాడు.

రోడ్డెక్కి సైకిళ్ల తాళాలు తీశాం. ఆయన ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"దినాం ఆయన మల్ల చెయ్యెత్తిండట తమ్మీ. నేను ఒక్కపారి గూడ జూడలె. అప్పుడు చూపంత రోడ్డు మీద ఉండె." ఒళ్లంతా గుట్టవైపు తిప్పాడు. "ఒక్కపారన్న సూసి పోదాం."

కానీ ఎండకు తెల్లబడ్డ బండలు, తెల్లబడ్డ చేన్లు, వాటిమధ్య ఆయన చూపు సందులోంచి అర్ర దొరకలేదు. కుడికి పోయింది, ఎడమకు వచ్చింది, ఆకాశంలోకి పోయింది. చివరికి నేను మంగలాయన పట్టినట్టు రెండు చేతులతో ఆయన తల పట్టుకుని తిప్పాను.

"జర కుడికి... ఆఁ, ఇంగ జర కిందికి... అగో."

"ఉన్నడా?"

"ఉన్నడన్నా. గడ్డపార కిందబెట్టిండు. చెయ్యెత్తిండు."

నా అరచేతుల మధ్య ఆయన దవడ కదిలింది. "దొరికిండు" అన్నాడు.

అనడమే ఆలస్యం, సైకిలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తేశాడు. ఆ సైకిలు, ఇప్పటి డొక్కు సైకిలు కాదు, రైలు పట్టాలు కరిగించి చేసిన పాతకాలపు ఉక్కు సైకిలు, సూటిగా వచ్చి నా బొటనవేలి మీద పడింది. నేను పెట్టిన కేక నల్లమలలో ఆయన చూడాలనుకున్న పులికి కూడా వినపడి ఉంటుంది. వాళ్లిద్దరికీ మాత్రం వినపడలేదు. రోడ్డు మీద ఈయన, గుట్ట కింద ఆయన, చేతులు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే, ఎవరు ముందు దించాలో తెలియక నిలబడి ఉన్నారు.